ఆ ఇంట్లోంచి వాళ్లెందుకు వెళ్లిపోవడం లేదు?

మీ ప్రశ్న, అందులో రాసిన కథాసారం, దాంతోపాటు పెట్టిన మీ హారర్ నవల మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. తర్వాత వచ్చి చదివేవాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఉద్యోగం పోయిన భర్త, భార్య, పద్నాలుగేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు. నగరం వదిలి ఒక చిన్న ఊరికి వస్తారు. దూరపు బంధువు రాసిచ్చిన పాత ఇల్లు, మేడ మీద తాళం వేసిన గది. మీరు ఇప్పటికి 140 పేజీలు రాశారు. అర్ధరాత్రి అడుగుల చప్పుడు, దానంతటదే ఊగే ఉయ్యాల, అద్దంలో ఎవరిదో ముఖం, గుమ్మం ముందు చచ్చిపడిన పక్షులు, అన్నీ వచ్చేశాయి. చదివిన ముగ్గురిలో ఇద్దరు “బాగుంది కానీ భయం వేయలేదు” అన్నారు. మూడో ఆయన “ఇన్ని జరిగాక కూడా ఆ ఇంట్లో ఎందుకున్నారు?” అని అడిగాడు. ఇంకో రెండు భయపెట్టే సంఘటనలు కలపనా, లేక ట్విస్ట్ ముందుకు జరపనా అన్నది మీ సందేహం.

రెండూ వద్దు. ఆ మూడో ఆయన్ని వదలకండి. ఆయన అడిగిందే మీ నవల.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఇతరుల రాతప్రతులు చదివి దిద్దే పనిలో ఉన్నాను. సొంతంగా మూడు సస్పెన్స్ నవలలు రాశాను. మొదటిది అచ్చు కాలేదు, కాకపోవడమే మంచిదయింది. అందులోనూ ఒక కుటుంబం ఊరు మారుతుంది. పెరట్లో పాడుబడ్డ బావి, రాత్రుళ్లు అందులోంచి పిలుపులు. చదివిన సంపాదకుడు అరవయ్యో పేజీ అంచున పెన్సిల్‌తో రెండే మాటలు రాసి తిప్పి పంపాడు: “బస్సు లేదా?”

నాకు రోషం వచ్చింది. బస్సు లేకుండా చేస్తే సరి అనుకున్నాను. వానలు కురిపించాను, వంతెన కూలగొట్టాను, ఊరి చుట్టూ వరద తెచ్చాను. మళ్లీ పంపాను. ఈసారి పెన్సిల్ రాత ఇంకో పేజీలో కనిపించింది: “వరద తగ్గాక?”

నేను కట్టిన గోడలన్నీ ఇంటి బయట ఉన్నాయి. అలాంటి గోడ ఎంత ఎత్తు కట్టినా ఒక రాత్రికో వారానికో సరిపోతుంది, నవలంతటికీ సరిపోదు. మనుషులు భయం వేసే చోట ఎందుకు ఉండిపోతారు? వెళ్లడానికి ఇంకో చోటు లేక, వెళితే ఏదో బయటపడుతుందని, లేదా ఆ చోటు తమకు ఇంకెక్కడా దొరకనిది ఇస్తోందని. మూడోది అన్నిటికంటే బలమైనది. కొత్తవాళ్లు దాదాపుగా వాడనిదీ అదే.

1977లో వచ్చిన స్టీఫెన్ కింగ్ నవల ‘ది షైనింగ్’ తీసుకోండి. చలికాలమంతా మూసి ఉండే హోటల్‌కి కాపలాగా ఒక కుటుంబం వెళ్తుంది. మంచు పడి దారి మూసుకుపోతుంది. అది బయటి గోడ. కానీ ఆ తండ్రికి బడిలో టీచర్ ఉద్యోగం పోయింది, తాగుడు మానేసి నిలదొక్కుకుంటున్నాడు, ఈ పని కూడా పోతే కుటుంబం ముందు తలెత్తుకోలేడు. ఒకచోట, మంచు మీద నడిచే బండి ఉంది, దాంట్లో బయటపడొచ్చు అన్న దారి తెరుచుకుంటుంది. ఆ బండిని తన చేతులతో తనే పనికిరాకుండా చేస్తాడు. బస్సు ఉంది, ఎక్కకుండా చేసింది కుటుంబ పెద్దే. ఆ పేజీ చదివినప్పుడు నా బావి, నా వరద గుర్తొచ్చి సిగ్గేసింది.

షర్లీ జాక్సన్ 1959లో రాసిన ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’లో ఎలినార్ అనే అమ్మాయి ఇంకో మెట్టు ముందుకు వెళుతుంది. ఏళ్ల తరబడి తల్లికి సేవ చేసి, తల్లి పోయాక అక్క ఇంట్లో పరాయిదానిలా బతికిన మనిషి. ఆ పాడు ఇంట్లో భయపడుతూనే ఉంటుంది, అయినా జీవితంలో మొదటిసారి తనని ఎవరో రమ్మన్నారన్న సంతోషం ఆమెది. చివరికి మిగతావాళ్లు వెళ్లిపొమ్మంటే ఆమెకి వెళ్లాలని ఉండదు. అక్కడ పాఠకుడికి వేసే భయం వేరు. ఆమెకి ఏమవుతుందో అన్న టెన్షన్ కంటే, ఆమె దేన్ని ఇల్లు అనుకుంటోందో అన్న దిగులు ఎక్కువగా పట్టుకుంటుంది.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ కూడా ఒకటుంది. ఆస్కార్ వైల్డ్ 1887లో రాసిన ‘ది కాంటర్‌విల్ ఘోస్ట్’. ఇంగ్లండ్‌లో దయ్యమున్న భవంతిని ఒక అమెరికా కుటుంబం కొంటుంది. దయ్యం ఉందని ముందే చెబితే, సామానుతోపాటు దానికీ వెల కట్టండి అంటాడు ఇంటి పెద్ద. నేల మీద వందల ఏళ్లనాటి నెత్తుటి మరకని కొడుకు మరకలు పోగొట్టే మందుతో తుడిచేస్తాడు. గొలుసులు ఈడ్చుకుంటూ వచ్చిన దయ్యానికి, చప్పుడు రాకుండా రాసుకోమని తండ్రి నూనె సీసా ఇస్తాడు. కవలపిల్లలు దిండ్లు విసురుతారు. పాపం, దయ్యమే జడుసుకుంటుంది. నవ్వుకోవడానికి రాసినదే అయినా మన పనికి అందులో పెద్ద పాఠం ఉంది. ఆ కుటుంబానికి ఏ లోటూ లేదు, దాచుకున్నదేమీ లేదు. పట్టుకోవడానికి కొంగు దొరక్క దయ్యం ఓడిపోయింది.

మీ కుటుంబంలోనూ ప్రస్తుతానికి పట్టుకోవడానికి కొంగు లేదు. భర్త ఉద్యోగం ఎందుకు పోయింది? ‘కంపెనీ నష్టాల్లో ఉంది’ అని ఒక్క వాక్యంలో దాటేశారు. మొత్తం 140 పేజీల్లో అన్నిటికంటే ఖరీదైన వాక్యం అది, దాన్ని ఊరికే పారేశారు. ఉదాహరణకి అతను ఒక తనిఖీ కాగితం మీద చూడకుండా సంతకం పెట్టాడనుకోండి. దానివల్ల ఒక మనిషి పోయాడు. భార్యకి తెలిసింది కంపెనీ మూతపడిందని మాత్రమే. కూతురు ఒక రాత్రి ఫోన్ మాటలు చాటుగా విన్నది, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆలోచించండి. అడుగుల చప్పుడు వినగానే భార్య “వెనక్కి వెళ్లిపోదాం” అంటుంది, భర్త “ఈ నెల చూద్దాం” అంటాడు. ఆ ‘ఈ నెల చూద్దాం’ వెనక ఉన్నది పాఠకుడికి సగం తెలుసు, కూతురికి మొత్తం తెలుసు, భార్యకి ఏమీ తెలియదు. చచ్చిన పక్షులు అక్కర్లేదు, భోజనాల దగ్గర నలుగురూ కూర్చుంటే చాలు.

మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1919లో ఇలాంటి భయం మీద ఒక వ్యాసం రాశాడు. జర్మన్‌లో ‘ఇంటికి చెందినది, మనకి బాగా అలవాటైనది’ అనే అర్థమున్న మాటకే ‘కంటబడకుండా దాచినది’ అన్న అర్థం కూడా ఉందని అందులో చూపిస్తాడు. సిద్ధాంతం సంగతి పండితులకి వదిలేద్దాం. మనకి పనికొచ్చేది ఇంతే: మీ మేడ మీద గదిలో ఊరు దాచినదీ, ఆ తండ్రి కడుపులో దాచుకున్నదీ ఒకే జాతివి కావాలి. అతను సంతకంతో ఒక చావుని కప్పెట్టాడా? అయితే ఊరు కూడా అందరూ కలిసి ఒక చావుకి సంతకం పెట్టి ఉండాలి. అప్పుడు ఊరు అతన్ని చూసీ చూడగానే గుర్తుపడుతుంది. “మీలాంటి వాళ్లే మాకు కావాలి” అని ఎవరో నవ్వుతూ అంటారు. ఆ మాట మొదటిసారి మర్యాదగా వినిపిస్తుంది. రెండోసారి చదివినవాడికి నిద్ర పట్టదు.

ఇక ఊరు. మీ ఊరివాళ్లు కొత్తవాళ్లని గుడ్లప్పగించి చూస్తారు, పాత ఇంటి పేరెత్తగానే మాట మారుస్తారు, మతి చలించిన ముసలావిడ ఒకతె “వెళ్లిపోండి, వెళ్లిపోండి” అని అరుస్తుంది. ఈ ముసలావిడని నేను ఇప్పటికి కనీసం ముప్ఫై రాతప్రతుల్లో కలిశాను. ఆమెకి విశ్రాంతి ఇవ్వండి.

మీ ఊరు మంచిది కావాలి. నటన కాదు, నిజంగానే మంచిది. నగరంలో పక్కింటివాడి పేరు తెలియకుండా బతికిన కుటుంబానికి ఇక్కడ పలకరింపు దొరకాలి. సాయం అడగకముందే రావాలి, భయమంతా ఆ ‘అడగకముందే’లోంచి పుట్టాలి. ఒక రాత్రి కరెంటు పోతుంది. ఫోన్ చేద్దామని లేచేలోపు ఎదురింటాయన ఫ్యూజు వైరు పట్టుకుని గుమ్మంలో ఉంటాడు. ఎంత మంచివాడో అనుకుంటారు. వారం తర్వాత కొడుక్కి జ్వరం, థర్మామీటర్ చూసి ఇంకా కింద పెట్టలేదు, డాక్టర్ తలుపు కొడతాడు. అదృష్టం అనుకుంటారు. మూడోసారి భార్యాభర్తలు పడకగదిలో గొంతు తగ్గించి పోట్లాడుకుంటారు. తెల్లారి ఊళ్లో ఎవరూ ఆ సంగతి ఎత్తరు, కానీ అందరూ ఆమెతో ఆ రోజు కాస్త ఎక్కువ మెత్తగా మాట్లాడతారు. ఇందులో దయ్యం లేదు, నెత్తురు లేదు. మీ అద్దంలో ముఖం కంటే ఇది పది రెట్లు పనిచేస్తుందని నా నమ్మకం.

ఇంకో పెద్ద లోపం చెప్పాలి, ఏమీ అనుకోకండి. మీ నలుగురూ ఒకేసారి, ఒకే మోతాదులో భయపడుతున్నారు. నలుగురూ ఒక్కటిగా ఉంటే అది సాహస కథ అవుతుంది, కలిసి పోరాడతారు. ఈ రకం నవలలో ఊరు కుటుంబాన్ని ఒక్కొక్కరిగా తీసుకుంటుంది. ఐరా లెవిన్ 1972లో రాసిన ‘ది స్టెప్‌ఫర్డ్ వైవ్స్’లో న్యూయార్క్ నుంచి చిన్న ఊరికి మారిన దంపతుల్లో భర్త ముందుగా అక్కడి మగవాళ్ల సంఘంలో చేరతాడు. అక్కడి నుంచి భార్యకి ఊరి మీద అనుమానం పెరిగేకొద్దీ తన ఇంట్లోనే తను ఒంటరిదవుతూ వస్తుంది. తోడు ఉండాల్సిన మనిషి అటువైపు ఉన్నాడేమో అన్న అనుమానం కంటే భయంకరమైన గది ఏ మేడ మీదా ఉండదు.

మీ నలుగురిలో ముందు ఊరి వైపు ఎవరు పోతారు? భర్త అయితే అందరూ ఊహిస్తారు. నన్నడిగితే భార్యని పంపండి. నగరంలో ఆమె ఏం చేసేదో మీరు రాయనే లేదు. ఆమె మాటకి అక్కడ విలువ లేదనుకుందాం. ఈ ఊళ్లో బడి పిల్లలకి పాట నేర్పమని అడుగుతారు, సలహా అడుగుతారు, ఆమె నవ్వడం మొదలుపెడుతుంది. కూతురికి ఊరంటే మంట. తల్లి సంతోషంగా ఉండటం చూసి ఆ పిల్ల నోరు నొక్కుకుంటుంది. వెళ్లిపోదాం అని మొదట అన్న మనిషే నూరో పేజీకి వచ్చేసరికి “ఇక్కడే ఉండిపోదాం” అనాలి. అప్పుడు భర్తకి వెళ్లాలనిపించినా చెప్పలేడు. కారణం చెప్పాలంటే సంతకం సంగతి చెప్పాలి కదా.

మీ మూడో పాఠకుడికి ఇక ఆ ప్రశ్న అడిగే అవసరం రాదు.

ఇంటి గురించి ఎక్కువ చెప్పను. గోథిక్ నవలకి, అంటే పాత ఇళ్లు, రహస్యాలు, భయాలతో నడిచే నవలకి, పెద్ద భవంతి ఉండాల్సిందే అన్న అలవాటు 1764లో హొరేస్ వాల్‌పోల్ రాసిన ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ నుంచి వచ్చింది. అందులో పెళ్లిరోజున ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఒక బ్రహ్మాండమైన శిరస్త్రాణం పడి పెళ్లికొడుకు నలిగిపోతాడు. ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. మీకు బూజు, కిర్రుమనే తలుపులు, విరిగిన బొమ్మలు అక్కర్లేదు. ఒక కాగితం మీద ఇంటి నక్షా గీసుకోండి, మెట్లెన్నో రాసి పెట్టుకోండి, నవలంతా దానికి కట్టుబడండి. హిల్ హౌస్‌లో ప్రతి మూలా లంబకోణానికి కాస్త అటూ ఇటూగా కట్టి ఉంటుంది. ఏ ఒక్క తేడా కంటికి ఆనదు, అన్నీ కలిసి మనిషిని తికమకపెడతాయి. మీ ఇంట్లోనూ ఒకే ఒక తప్పు చాలు. బయట నుంచి లెక్కపెడితే మేడ మీద కిటికీలు ఐదు, లోపల నుంచి నాలుగు. ఆరేళ్ల పిల్లాడు లెక్కలు నేర్చుకుంటూ చెప్పాలి ఆ మాట. పెద్దవాళ్లు “సరిగ్గా లెక్కపెట్టు నాన్నా” అని పంపేయాలి.

ఇక నాకు బాగా ఇష్టమైన విషయానికి వస్తాను. మీరు తెలుగులో రాస్తున్నారు, కానీ ఆ వాక్యాల్లో భయం మాత్రం అనువాద సినిమాలదిలా ఉంది. ఒక్క అధ్యాయంలో ‘వెన్నులో చలి పుట్టింది’ మూడుసార్లు, ‘ఒళ్లు గగుర్పొడిచింది’ రెండుసార్లు, ‘గుండె ఝల్లుమంది’ ఒకసారి. పాత్రకి గగుర్పాటు కలిగిందని మీరు చెప్పగానే పాఠకుడు ఆ పని తనకి తప్పిందని వదిలేస్తాడు. అవన్నీ కొట్టేయండి. తెలుగు మీ చేతికి ఇచ్చిన అసలు పనిముట్లు వేరే ఉన్నాయి.

మొదటిది మేము, మనం. చాలా భాషల్లో ఈ రెంటికీ ఒకే మాట. మనకి వినేవాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. చిన్న ఊరికి వచ్చిన కుటుంబం కథకి ఇంతకంటే పదునైన కత్తి ఉండదు. మొదట్లో ఊరివాళ్లు “మా ఊళ్లో ఇలా ఉంటుందండీ” అంటారు. నాలుగో అధ్యాయంలో కొడుకు తల్లితో “మన ఊళ్లో అలా చెయ్యరమ్మా” అంటాడు. తల్లి నవ్వి ఊరుకుంటుంది. ఇంకా కొంతకాలానికి ఒక రాత్రి భర్త ఆందోళనగా ఏదో అడిగితే భార్య దుప్పటి మడతపెడుతూ “మేం చూసుకుంటాంలెండి” అంటుంది. మేం అంటే ఎవరు? ఆ ఇంట్లో ‘మనం’ ఎప్పుడు చచ్చిపోయింది? ఆ వాక్యం తర్వాత అధ్యాయం ఆపేయండి, వ్యాఖ్యానం రాయకండి.

రెండోది క్రియాపదం. మన వాక్యంలో కర్తని చెప్పకుండా వదిలేయొచ్చు. ‘మెట్ల మీద నిలబడి ఉంది.’ ఆడమనిషా, జంతువా, వస్తువా? ‘ఉంది’ అన్నది మూడింటికీ సరిపోతుంది. ‘రాత్రి వచ్చారు, కాసేపు కూర్చుని వెళ్లారు’ అని పిల్లాడు చెప్పాడనుకోండి. వచ్చింది మర్యాదివ్వాల్సిన ఒక పెద్దమనిషా, పదిమందా? తల్లి “ఎవరు నాన్నా?” అని అడిగితే “వాళ్లే” అంటాడు. మళ్లీ అదే తంటా. ఇంగ్లీషులో ఈ గారడీ చెయ్యాలంటే చాలా అవస్థపడాలి. మనకి వ్యాకరణమే చేసిపెడుతుంది. మీ రాతప్రతిలో మాత్రం ‘ఒక నల్లని ఆకారం మెట్ల మీద నిలబడి ఉండటం ఆమె గమనించింది’ అని ఉంది. ఆకారం అన్నారు, నల్లని అన్నారు, గమనించింది అన్నారు. వెలుగు వేసి మరీ చూపించేశారు.

మూడోది మీరు, నువ్వు. ఊరంతా తల్లిని “మీరు” అంటుంది. అందరికంటే మర్యాదస్తుడైన మనిషి ఒకరోజు ఏ మార్పూ లేని గొంతుతో “నువ్వు రేపు రా” అంటాడు. కోపం లేదు, చనువూ లేదు. ఆ ఏకవచనానికి కారణం పాఠకుడే వెతుక్కుంటాడు.

ఉత్తమ పురుషలో రాయనా, ప్రథమ పురుషలో రాయనా అని కూడా అడిగారు. ఈ కథకి కూతురి గొంతుతో ‘నేను’ అని చెప్పించడం తేలిక, కానీ ఆ పిల్ల బతికి బయటపడిందని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. అది మీకు సమ్మతమైతే సరే. నేనైతే ప్రథమ పురుషలోనే ఉండి, ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరి భుజం వెనక నుంచి చూపిస్తాను. తల్లి అధ్యాయాలు మాత్రం రాను రాను పొట్టివై, చివరికి లేకుండా పోతాయి.

ట్విస్ట్ సంగతి. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ తన సంభాషణల్లో చెప్పిన లెక్క మీరు వినే ఉంటారు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే తెలిసి, బల్ల దగ్గర ఉన్నవాళ్లు మాత్రం పిచ్చాపాటీ మాట్లాడుకుంటుంటే పదిహేను నిమిషాల సస్పెన్స్. మీరు ట్విస్ట్ కోసం ఊరి రహస్యాన్ని చివరి ఇరవై పేజీల దాకా దాచారు. అంటే మిగతా నవలంతా బాంబు లేని బల్లే. నా సలహా, రహస్యంలో సగం పాఠకుడికి మూడోవంతు దగ్గరే ఇచ్చేయండి. ఇంతకుముందు ఆ ఇంట్లో ఉన్న కుటుంబం ఎలా వెళ్లిపోయిందో ఒక్క చిన్న సన్నివేశంలో పాఠకుడు చూడాలి, ఈ నలుగురూ చూడకూడదు. ఆ తర్వాత ఊరివాళ్లు తెచ్చే ప్రతి పూలగుత్తీ బాంబే.

తాళం వేసిన గది దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. 1794లో యాన్ రాడ్‌క్లిఫ్ రాసిన ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’లో ఎమిలీ ఒక నల్లని తెర ఎత్తి చూసి మూర్ఛపోతుంది. ఏం చూసిందో రచయిత్రి చెప్పదు. వందల పేజీలు పోయాక, అది మైనపు బొమ్మ అని తేలుతుంది. అంతసేపు ఊరించి బొమ్మ చూపిస్తే ఏ పాఠకుడికైనా ఉసూరుమంటుంది. తలుపు ఎంత ఆలస్యంగా తెరిస్తే లోపల అంత పెద్దది ఉండాలి. మీరు లోపల పెట్టింది అస్థిపంజరం. అది 130 పేజీల ఎదురుచూపుకి చాలదు. ఎనభయ్యో పేజీలోనే తలుపు తెరిపించేయండి. లోపల ఏమీ ఉండకూడదు. ఖాళీ గది, కానీ నేల మీద దుమ్ము లేదు. ఏళ్లుగా తాళం వేసిన గదిని ఎవరో రోజూ ఊడుస్తున్నారు. ‘ఏముంది?’ అన్న ప్రశ్నకి అక్కడితో తెర పడి, ‘ఎవరు?’ అన్నది మొదలవుతుంది. ఐదో కిటికీ సంగతి పాఠకుడికి అప్పుడు గుర్తురావాలి.

ఇదే రాడ్‌క్లిఫ్, ఆమె పోయాక 1826లో అచ్చయిన ఒక వ్యాసంలో రెండు భయాలని విడదీసింది. ఒకటి మనసుని విప్పార్చి, చెవులు రిక్కించేలా చేసేది. రెండోది గడ్డకట్టించి ముడుచుకునేలా చేసేది. మీ చచ్చిన పక్షులు రెండో రకం. ఒకసారి వాడొచ్చు. నాలుగుసార్లు వాడితే పాఠకుడు ముక్కు మూసుకుని పేజీ తిప్పేస్తాడు.

దయ్యం నిజమా, భ్రమా అన్నది చివరిదాకా తేల్చకుండా ఉంచొచ్చా? ఉంచొచ్చు. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ మీద ఆ వాదన ఈనాటికీ నడుస్తోంది. అయితే మీకు మాత్రం తెలిసి ఉండాలి. రచయితకే తెలియకపోతే అది సందిగ్ధత అవదు, గందరగోళం అవుతుంది. పాత డైరీ దొరికి అందులో మొత్తం కథ రాసి ఉండటం గురించి ఒక్క ముక్క చెబుతాను: తీసేయండి. చచ్చేముందు అంత వివరంగా, అంత చక్కటి దస్తూరితో ఎవరూ రాయరు.

ఫోన్ సిగ్నల్ లేదని రాయడం కూడా మానేయండి. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉండాలి. భార్య ఊరి సంబరంలో మునిగిపోయాక ఒకరోజు భర్త ధైర్యం చేసి నగరంలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేస్తాడు. అతను వెంటనే ఎత్తి, “మొన్న మీ ఆవిడ మాట్లాడిందిగా, ఇల్లు అమ్మేస్తున్నారట, ఇక రారట” అంటాడు. బస్సు ఉంది, ఫోన్ ఉంది, దారి ఉంది. వెనక్కి వెళ్లడానికి ఇల్లే లేదు.

చివరిగా మీరు పెట్టిన మొదటి అధ్యాయంలో ఒక చోటు. లారీలోంచి సామాను దించుతుంటారు. ఎదురింటావిడ గేటు దగ్గరికొచ్చి కొడుకుని పేరు పెట్టి పిలిచి, చేతిలో పువ్వు పెడుతుంది. వాడి పేరు అప్పటికి ఆ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, నేను వెనక్కి వెళ్లి మరీ చూశాను. మీరు కావాలని రాశారో, ఆ తొందరలో చూసుకోలేదో మీకే తెలియాలి. పొరపాటే అయితే మాత్రం దిద్దకండి. వందో పేజీ దాకా దాని గురించి ఎవరూ మాట్లాడకూడదు. ఆ తర్వాత ఒక రాత్రి, వాడికి దుప్పటి కప్పుతూ, తండ్రికి గుర్తురావాలి.